గృహవిద్యుత్తు: మరమ్మతు వేరు, పరీక్ష వేరు

ఉక్కు కర్మాగారపు ద్వారము దాటి లోపల అడుగుపెట్టిన విద్యుత్ కార్మికుడు, ఎంతటి అనుభవశాలి యైనను, మోటారు మీద చేయి వేయుటకు ముందు షట్‌డౌన్ వ్రాయించుకొనును. సరఫరాను ఖండించిన స్విచ్చికి తాళము పడినదా, దానిపై అపాయసూచిక వ్రేలాడుచున్నదా యని స్వయముగా చూచుకొనును. తీగెలో విద్యుత్తు లేదని పరికరముతో నిశ్చయపరచుకొనిన పిమ్మటనే పనికి పూనుకొనును. ఆ కార్మికుడే సాయంకాలము ఇల్లు చేరి, కూలరు ముట్టుకొన్నచో జివ్వుమనుచున్నదని ఇల్లాలు చెప్పగా, చెప్పులు తొడుగుకొని ముట్టుకొమ్మని చెప్పి ఊరకుండుట భిలాయి పట్టణమున అపూర్వమైన సంగతి కాదు. కర్మాగారమున ప్రాణరక్షణకు అవసరమని ఉద్యోగకాల మంతయు నమ్మి ఆచరించిన క్రమశిక్షణ గడప దాటి ఇంటిలోనికి రాకపోవుటకు హేతువేమి, దానిని రప్పించు మార్గమేమి యనునదే ఇందు విచారణీయము.

సోవియట్ ప్రభుత్వముతో భిలాయి కర్మాగారపు ఒడంబడిక 1955 ఫిబ్రవరి 2న జరిగినది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించిరి. ఆ నిర్మాణకాలము మొదలుకొని, 1931లో పూర్తియైన విజయనగరము–రాయపూరు రైలుమార్గమున శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములు ఇచ్చట స్థిరపడి, సెక్టారు 5లో బాలాజీ మందిరము నెలకొల్పుకొని, మూడు తరములు గడిపినవి. వారిలో పెక్కుమంది జీవితము కర్మాగారము ఇచ్చిన క్వార్టరులోనే సాగినది. క్వార్టరులో దీపము ఆరినను, స్విచ్చి కాలినను, ఫిర్యాదు వ్రాయించిన చాలును. టౌన్‌షిప్పునకు విద్యుత్తు పంచు కర్మాగారపు విభాగమువారే మనిషిని పంపుదురు. పదవీవిరమణానంతరము క్వార్టరు వదలి, నెహ్రూ నగర్, కోహ్కా, జున్వానీల దరిదాపులనున్న స్మృతి నగర్ వంటి కాలనీలో సొంత ఇల్లు కట్టుకొనిన నాటి నుండి పరిస్థితి పూర్తిగ మారిపోవును. ఇచ్చట సరఫరాదారు 2009 జనవరి 1న పూర్వపు విద్యుత్ మండలి విభజింపబడగా ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ. దాని బాధ్యత మీటరుతో సమాప్తమగును. మీటరు దాటిన ప్రతి తీగెకును, ప్రతి బిగింపునకును గృహస్థుడే కర్త. నలువది సంవత్సరములు ఇతరులు మోసిన బాధ్యత హఠాత్తుగ తన భుజము మీదికి వచ్చినదను సంగతి గృహస్థునకు ఎవరును చెప్పరు; ఇంటి తాళములతో పాటు అప్పగింపబడు కాగితములలోను అది ఉండదు.

భారతదేశమున విద్యుద్ఘాతముచే మరణించువారి సంఖ్య, జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించు లెక్కల ననుసరించి, ఇటీవలి సంవత్సరములలో ఏటేట పండ్రెండు వేలకు పైబడియే యున్నది. వీరందరును ఇండ్లలో మరణించినవారు కారు. పొలములలో తెగిపడిన తీగెలకును, స్తంభముల మీద పనిచేయువారికిని ఇందు పెద్ద పాలున్నది. ఐనను ఇంటిలో సంభవించు మరణములకు ఒక విశేషమున్నది: వానిలో మిక్కిలి భాగము ముందుగా పరీక్షించియుండినచో తప్పిపోవునట్టివి. ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచినది ఇంతమాత్రమే. మన ఇండ్లకు ఎలక్ట్రీషియన్‌ను మరమ్మతు కొరకే పిలుచుచున్నాము. పిలువవలసినది అంతకు మున్నే, పరీక్ష కొరకు. ఫ్యాను తిరుగుచున్నది, దీపము వెలుగుచున్నది కనుక అంతయు సక్రమముగనే యున్నదని తలచుట మన పొరపాటునకు మూలము. రక్షణ సాధనము నశించినను ఫ్యాను తిరుగును. ఎర్తు తీగె తెగినను దీపము వెలుగును. సౌకర్యము లోపించినచో తత్‌క్షణమే తెలియును గాని, రక్షణ లోపించిన సంగతి ప్రమాదము జరుగువరకును బయటపడదు.

మానవ శరీరముపై విద్యుత్తు కలిగించు ప్రభావమును గూర్చి శాస్త్రజ్ఞులు నిర్ధారించిన అంకెలు స్వల్పములైనను భయావహములు. అర మిల్లీ ఆంపియరు ప్రవహించినపుడు స్పర్శ తెలియును. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతమున కండరములు బిగుసుకొని, పట్టుకొనిన వస్తువును విడువలేని స్థితి యేర్పడును. ముప్పదికి మించి కొంతసేపు ప్రవహించినచో ఊపిరికిని గుండెకును అపాయము. చేతి నుండి పాదము వరకు శరీరపు నిరోధము, చెమట పట్టిన వేసవిలో, సుమారు వేయి ఓములని యెంచినచో, 230 వోల్టుల వలన ప్రవహించునది 230 మిల్లీ ఆంపియర్లు. ఇంటిలోని అతి చిన్న ఫ్యూజు సయితము 5 ఆంపియర్లది, అనగా అయిదువేల మిల్లీ ఆంపియర్లది. ఫ్యూజు గాని, దాని స్థానమున వాడు ఎం.సి.బి. అను తనంతట తెగు స్విచ్చి గాని తీగెను కాపాడుటకు నిర్మింపబడినవే గాని మనిషిని కాపాడుటకు కాదు. మనిషి ప్రాణము పోవుటకు కావలసిన దానికి ఇరువది రెట్ల ప్రవాహమును అవి నిరభ్యంతరముగ పోనిచ్చును. ఈ ఒక్క విషయము ఇంటింట తెలిసిననాడు సగము పని జరిగినట్లే.

ఇక లోహపు డబ్బాకు తగిలిన విద్యుత్తును నేలలోనికి మళ్ళించు ఎర్తింగును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయనగా ఈ ప్రాంతపు నేలకును దీనికిని దగ్గర సంబంధము కలదు. ఛత్తీస్‌గఢ్ రైతులు తమ భూములను కన్హార్, డోర్సా, మటాసీ, భాటా యని విభజింతురు. నల్లని కన్హార్ తేమను పట్టి యుంచును. ఎఱ్ఱని గులకరాళ్ళతో కూడిన భాటా నీటిని నిలుపదు. భాటా నేలలు, మురము మిట్టలు ఈ చుట్టుప్రక్కల సామాన్యము. అట్టి నేలలో పాతిన ఎర్తు కడ్డీ వర్షాకాలమున చక్కగా పనిచేసి, ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరు మే మాసమున, సరిగ్గా కూలర్లు రాత్రింబవళ్ళు తిరుగు దినములలో, నిరోధము పెరిగి బలహీనపడును. భారతీయ ప్రమాణములలో ఎర్తింగునకు సంబంధించిన ఐ.ఎస్. 3043 ఈ కారణముననే తేమను, నేల స్వభావమును, కాలానుగుణమగు కొలతను అంతగా నొక్కి చెప్పుచున్నది. గొట్టము పాతి, ఉప్పును బొగ్గును నింపి, పైన సిమెంటు తొట్టి కట్టి, మూత వేసి, ఆ మూతపై పూలకుండీ పెట్టి మరచిపోవుట మన వాడుక. ఆ గోతిలో ఏటా వేసవికి ముందు నీరు పోయువారు వీథికొక్కరైనను ఉందురో లేదో.

ఎర్తు ఉన్నదా లేదా యని తెలిసికొనుటకు మన మిస్త్రీలు చేయు పరీక్ష యొకటి కలదు. నూరు వాట్ల బల్బు హోల్డరుకు రెండు తీగెలు కట్టి, ఒకటి విద్యుత్తును తెచ్చు ఫేజులోను ఒకటి ఎర్తులోను పెట్టుదురు. బల్బు వెలిగినచో ఎర్తు బాగున్నదని తీర్పు. "బాబూ, మా ఇంటికి ఎర్తింగు ఉందా?" అని పెద్దావిడ అడిగినచో, "ఉందమ్మా, బల్బు వెలిగింది కదా, భయం లేదు" అని అతడు మంచి మనసుతోనే చెప్పి వెడలిపోవును. ఈ మాటను లెక్కతో పరిశీలింతము. నూరు వాట్ల బల్బు వెలుగుచున్నపుడు దాని నిరోధము సుమారు 529 ఓములు. ఎర్తు గోయి నిరోధము 50 ఓములు, అనగా పనికిరానంత హెచ్చు, అనుకొందము. అపుడు బల్బునకు 230 వోల్టులకు బదులు 210 వోల్టులు లభించును. ఆ తేడాను కన్ను గుర్తింపలేదు; బల్బు జిగేలున వెలుగును. కాని ఆ యింటి కూలరు డబ్బాకు ఫేజు తగిలినచో, 50 ఓముల గోతిగుండ ప్రవహించునది నాలుగున్నర ఆంపియర్లు మాత్రమే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనిని సాధారణ వాడుకగా నెంచి కదలక యుండును. డబ్బామీద 220 వోల్టుల ప్రాంతమున విద్యుత్తు నిలిచియే యుండును. ఎర్తింగు ఉన్నదని నిర్భయముగా నున్న యిల్లు అది! గృహములలో వాడు 16 ఆంపియర్ల ఎం.సి.బి. తత్‌క్షణము తెగవలెనన్నచో, దాని తరగతిని బట్టి 80 మొదలు 160 ఆంపియర్ల వరకు ప్రవహింపవలెను. అందులకు మార్గపు మొత్తము నిరోధము ఒకటిన్నర ఓములకు లోబడి యుండవలెను. మురము నేలలో ఒంటి గొట్టముతో ఇది సాధ్యము కాదు. గోయి అయిదు ఓములకు వచ్చినను ఎం.సి.బి. తెగుటకు పది ఇరువది సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టును. మనిషికి అంత వ్యవధి లేదు.

ఈ చిక్కునకు పరిష్కారము కనుగొనబడి అర్ధశతాబ్దికి మించినది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్, మనిషి ఎంత విద్యుత్తు వరకు చేతిలోని తీగెను విడువగలడను విషయమును సంవత్సరముల తరబడి ప్రయోగములతో పరిశోధించి, 1960ల ఆరంభమున ఫేజులో పోవు ప్రవాహమును న్యూట్రల్‌లో తిరిగివచ్చు ప్రవాహమును పోల్చి, కొలది మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిన వెంటనే సరఫరాను తెగగొట్టు సాధనమును రూపొందించెను. ఐరోపాలో ఇదే సూత్రముపై అభివృద్ధియైనది మనము ఆర్.సి.సి.బి. అని పిలుచుచున్నది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., ప్రమాణముల ప్రకారము, 15కు 30కి నడుమ తెగవలెను. 30 వద్ద 300 మిల్లీ సెకండ్లలోపల, అంతకు అయిదింతల వద్ద 40 మిల్లీ సెకండ్లలోపల తెగవలెను. మన మురము నేలకు ఇది వరమని చెప్పుట అతిశయోక్తి కాదు. ఎర్తు 50 ఓములున్నను, నూరున్నను, నాలుగున్నర ఆంపియర్లకు కదలని ఎం.సి.బి. ఎక్కడ, 0.03 ఆంపియరుకు తెగిపడు ఈ సాధనమెక్కడ! ఎర్తు అనవసరమని దీని భావము కాదు. ఎర్తు ఉన్నచో మనిషి ముట్టక మునుపే తెగును, లేనిచో మనిషి ముట్టిన పిదప తెగును.

ఐనను దీనికి పరిమితులున్నవి. ఒక చేత ఫేజును, ఒక చేత న్యూట్రల్‌ను పట్టుకొనినవానిని ఇది రక్షింపలేదు. తీగె వేడెక్కుటను ఇది చూడదు; అందుకు ఎం.సి.బి. ఉండితీరవలెను. మీట లోపల తుప్పుపట్టి కదలకపోవచ్చును. అందుచేతనే దానిపై 'టి' అను అక్షరముతో ఒక గుండీ పెట్టి, అప్పుడప్పుడు నొక్కి చూడుమని తయారీదారులు వ్రాయుదురు. ఎంతమంది నొక్కుచున్నారు? అంతకన్న విచారకరమగు సంగతి మరొకటి కలదు. ఆర్.సి.సి.బి. మాటిమాటికి ట్రిప్ అగుచున్నదని మిస్త్రీని పిలిచినచో, అతడు రెండు తీగెలు దానిని తప్పించి నేరుగా కలిపి, "ఇక ట్రిప్ అవదు, అంకుల్" అని చెప్పి పోవుట, ఇంటివారు సంతోషించుట. ట్రిప్ అగుట రోగము కాదు. రోగమును తెలుపు సంకేతము. ఇన్వర్టరు న్యూట్రల్‌ను రెండు సర్క్యూట్లకు కలిపి యుండవచ్చును. గీజరు కాయిల్ చీలి యుండవచ్చును. ఎర్తు పిన్నుకు న్యూట్రల్‌ను ముడివేసి యుండవచ్చును. ఈ చివరిది అన్నిటికన్న ప్రమాదకరము. ఎర్తు తీగె లేని పాత యింటిలో మూడు రంధ్రముల సాకెట్టు బిగించి, పై రంధ్రమును న్యూట్రల్‌తో కలిపినచో పరీక్షాదీపము దివ్యముగా వెలుగును. కాని స్తంభము వద్దనో మీటరు వద్దనో న్యూట్రల్ తెగిన నాడు, ఇంటిలోని ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, కూలరు అన్నిటి లోహపు ఒంటికిని ఏకకాలమున ఫేజు వచ్చును. కారణము వెదకి కనుగొనుటకు అర్ధదినము పట్టును. తీగె తప్పించుటకు అయిదు నిమిషములు చాలును. మనము అయిదు నిమిషములకు కూలి యిచ్చి అర్ధదినపు పనికి బేరమాడుదుము గనుక, ఈ దోషములో గృహస్థుని భాగము మిస్త్రీ భాగముకన్న తక్కువది కాదు.

వేసవిలో స్మృతి నగర్ వీథులలో నడచినచో కిటికీకొక కూలరు వ్రేలాడుచు, దాని క్రింద తడిసిన గోడయు, నాచు పట్టిన నేలయు కానవచ్చును. ఈ యంత్రమును కొంచెము దగ్గరగా చూడుడు. పలుచని ఇనుప రేకు డబ్బా, అడుగున నీరు, నీటిలో మునిగియున్న చిన్న పంపు, ఆ పంపు తీగెను పెద్ద తీగెతో కలిపిన అతుకు, నల్ల టేపు చుట్టి, నీటిమట్టమునకు జానెడు పైన. ఆరు మాసములు మేడపై ఎండలో పడియుండుటచే టేపు జిగురు ఎండి, ఫాల్గుణమున దించి దులిపి నీరు నింపిన నాడు ఒక కొస ఊడి యుండును. డబ్బా అంచున తీగె దూర్చు రంధ్రమునకు రబ్బరు వలయము ఉండవలెను; అది పోయి చాల కాలమైనది; మోటారు కంపించునపుడెల్ల రేకు అంచు తీగె తొడుగును కోయుచుండును. ప్లగ్గు ఎక్కడో విరిగి, రెండు తీగెలను వలిచి సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించిరి; మూడవదియగు పచ్చ తీగె, అనగా ప్రాణరక్షకము, మడిచి వెనుకకు కట్టివేయబడినది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును పొడుగుగాను లావుగాను చేయుట అది అన్నిటికన్న ముందు తగిలి అన్నిటికన్న చివర విడువవలెననియే. ఆ ఏర్పాటంతయు అగ్గిపుల్లతో వ్యర్థమైనది. ఇంతలో సాయంత్రము గృహిణియో పసివాడో, కూలరు తిరుగుచుండగనే, తడినేలమీద వట్టి కాళ్ళతో నిలిచి, పైపుతో నీరు నింపుదురు. మధ్య భారతమున వేసవి వచ్చినదనిన కూలరు మరణముల వార్తలు పత్రికలలో కనబడుటకు ఇంతకన్న వేరు కారణము వెదకనక్కరలేదు. ప్లగ్గు ఊడదీసి నీరు నింపుట, అతుకు లేని తీగె వేయించుట, పచ్చ తీగెను డబ్బాకు స్క్రూతో బిగించుట, ఆ సర్క్యూటునకు ఆర్.సి.సి.బి. పెట్టించుట — ఈ నాలుగు జరిగిన యింట కూలరు నిరపాయకరమైన వస్తువు.

అగ్నిప్రమాదము వేరొక మార్గమున వచ్చును. రెండు కిలోవాట్ల గీజరు తీసికొనునది సుమారు 8.7 ఆంపియర్లు. సాకెట్టులోని స్క్రూ వదులై, అచ్చట ఓములో మూడవ వంతు నిరోధము ఏర్పడిన దనుకొందము. ప్రవాహపు వర్గమును నిరోధముతో గుణింపగా ఆ చిన్న యిత్తడి ముక్కలో 25 వాట్ల వేడి పుట్టును. సీసము కరగించు టంకపు కడ్డీని ప్లాస్టిక్ పెట్టెలో మూసి గోడలో దాచినట్లు. ఎం.సి.బి.కి ఇందు తప్పు కనబడదు, ప్రవాహము హెచ్చలేదు గదా. కాలిన వాసన, గోధుమరంగు మచ్చ, వేడెక్కు ప్లగ్గు, ఇవియే ముందుగా వచ్చు వార్తలు. ఇంటి తీగెల పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల వరకు ఓర్వగలదు. దీపములకు వేసిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగెపై ఏ.సి.ని నడుపువారు ఆ హద్దును ప్రతిదినము పరీక్షించుచున్నారు. 16 ఆంపియర్ల సాకెట్టునకు రెండున్నర, ఏ.సి.కి గీజరుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగె వాడుట మంచి పనివారి అలవాటు. తీగెలకును స్విచ్చిలకును ఐ.ఎస్.ఐ. ముద్ర చూడవలెను. ఏ.సి.పై నుండు నక్షత్రములు విద్యుత్ పొదుపును తెలుపునవే గాని భద్రతను తెలుపునవి కావని కూడ గ్రహింపవలెను.

జున్వానీ మార్గమున కళాశాలలు వెలసిన తరువాత స్మృతి నగర్‌లో గదులు అద్దెకిచ్చు ఇండ్లు పెరిగినవి. ఒక సాకెట్టునకు నలుగురు విద్యార్థులు. చలికాలమున బకెట్టులో నీరు కాచు రాడ్డు. రాడ్డు ఆపకయే నీటి వేడి చూచుటకు వ్రేలు ముంచుట. తల్లిదండ్రులు గది చూడవచ్చినపుడు మంచము, నీరు, భోజనము విచారింతురు. బోర్డు తెరచి ఆర్.సి.సి.బి. ఉన్నదా యని అడిగినవారిని నేను చూడలేదు. ఇంగ్లండులో 2020 నాటి నియమములు అద్దె ఇంటి విద్యుత్ ఏర్పాటును అయిదేండ్లకొకసారి అర్హునిచే పరీక్షించి ఆ నివేదిక అద్దెదారునకు ఇయ్యవలెనని శాసించినవి. దక్షిణాఫ్రికాలో ఇల్లు చేతులు మారునపుడు విద్యుత్ యోగ్యతాపత్రము ఉండితీరవలెను. మన దేశమున అట్టి నిర్బంధము సామాన్య గృహములకు ఆచరణలో లేదు.

శాసనమే లేదా యనిన, ఉన్నది, పాతదే ఉన్నది. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 45వ నియమము, బల్బులు, ఫ్యానులు, ఫ్యూజులు, స్విచ్చిలు మార్చుట వంటి చిన్న పనులు తప్ప, ఇంటి వైరింగులో చేర్పులు గాని మార్పులు గాని మరమ్మతులు గాని, రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరు చేత, యోగ్యతాపత్రము గల పర్యవేక్షకుని ఎదుట, పర్మిటు గల పనివాని చేతనే జరుగవలెనని విధించినది. 2003 విద్యుత్ చట్టము వచ్చిన పిమ్మట కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, తిరిగి 2023లోను వెలువరించిన భద్రతా నిబంధనలలో ఈ సూత్రము కొనసాగినది. సరఫరాదారు వినియోగదారుని ఆవరణలో ఎర్తు టెర్మినల్ ఏర్పరచవలెననియు, అయిదు కిలోవాట్లు గాని అంతకు మించి గాని యున్న ఏర్పాట్లకు లీకేజి రక్షణసాధనము ఉండవలెననియు 2010 నిబంధనలే చెప్పినవి. రెండు ఏ.సి.లు, ఒక గీజరు ఉన్న యిల్లు ఆ పరిమితిని సులభముగ చేరుకొనును. కావున లోపము శాసనమునది కాదు. దానిని అడుగువారు లేకపోవుటయే.

అడుగుట యెట్లు? ఎలక్ట్రీషియన్ అను పేరుతో మన గుమ్మములోనికి వచ్చువారు మూడు విధములు. ఐ.టి.ఐ.లో రెండేండ్ల ఎలక్ట్రీషియన్ శిక్షణయో వైర్‌మన్ శిక్షణయో పొంది, పర్మిటు సంపాదించి, లైసెన్సు గల కాంట్రాక్టరు వద్ద పనిచేయువారు మొదటివారు. కర్మాగారమున అప్రెంటీసులుగా నేర్చి, తీరిక వేళల పనిచేయువారు రెండవవారు; భిలాయికి వీరు గొప్ప సంపద, యంత్రజ్ఞానమున తీసిపోరు గాని గృహ వైరింగు పర్మిటు వీరిలో అందరికిని ఉండదు. దుకాణము ముందు కూర్చుండి పిలిచినపుడు వచ్చువారు మూడవవారు. వారిలో నేర్పరులు లేకపోలేదు, కాని చేతిలో నియాన్ టెస్టరు, కత్తెర, టేపు తప్ప కొలత పరికరము ఉండదు. టెస్టరు దీపము వెలిగినచో ఫేజు ఉన్నదని తెలియును. వెలుగనిచో విద్యుత్తు లేదని నమ్మరాదు. భద్రతను గూర్చి అది ఏమియు చెప్పదు. మనిషిని ఎన్నుకొనుటకు నేను పాటించు నియమము ఒక్కటే: అతని సంచిలో తీగె తొడుగు నిరోధమును కొలుచు మెగ్గరు, ఎర్తు టెస్టరు ఉన్నవా, వచ్చిన అంకెలను వ్రాసి సంతకము చేసి యిచ్చునా? పర్మిటు చూపుమని అడుగుట అవమానము కాదు. వైద్యుని గోడమీది పట్టాను చూచుట వంటి సామాన్య మర్యాదయే అది.

అట్టి పరీక్షను ఒక శీతకాలపు ఉదయమున దగ్గర నిలిచి చూచితిని. వచ్చిన పెద్దమనిషి కర్మాగారమున పనిచేసినవాడు; లైసెన్సు గలవాడు; సహాయకుని వెంటబెట్టుకొని వచ్చెను. మొట్టమొదట మెయిను దించి, హ్యాండిలుకు తీగె చుట్టి ముడివేసి, దానిపై "పని జరుగుచున్నది" అని హిందీలో వ్రాసిన అట్ట తగిలించెను. ఇంటివారు టీవీ చూచుకొందుమనిరి. అతడు నవ్వి, "ఒక గంట ఓర్చుకోండి" అనెను. అన్ని ప్లగ్గులు తీయించి, ఫేజు న్యూట్రల్‌లను ఒకటిగా కలిపి, వానికిని ఎర్తునకును నడుమ మెగ్గరుతో 500 వోల్టుల పీడనము ఒక నిమిషము పాటు ఇచ్చెను. ఒక మెగ్ ఓము తగ్గరాదని నియమము. మూడు సర్క్యూట్లు నిలిచినవి. స్నానపుగది సర్క్యూటులో ముల్లు కూలిపోయినది. గోడ తడిసి, పాత పెట్టెలో తీగె తొడుగు ఉబ్బి పగిలియుండుటను బోర్డు తెరచి చూపించెను. ఆ పెట్టె మూతపై సున్నము తెల్లగానే యున్నది. లోపల స్క్రూలు పచ్చని త్రుప్పుతో నిండినవి. తరువాత పెరటిలో రెండు మేకులు వరుసగా పాతి ఎర్తు గోయి నిరోధము కొలిచెను. ప్రతి స్విచ్చి ఫేజులోనే ఉన్నదా యని చూడగా రెండు స్విచ్చిలు న్యూట్రల్‌ను మాత్రమే తెంచుచున్నవని తేలినది. అనగా ఆపివేసినను దీపపు హోల్డరులో ఫేజు నిలిచియుండును. చివరకు ఆర్.సి.సి.బి.ని గుండీతో ఒకసారి, పరికరముతో ఒకసారి తెగగొట్టి చూచెను. ఈ పని యంతయు జరుగుచుండగా అతడు ఇంటివారితో ఒక మాట చెప్పెను. "మీటరు మీద ఎర్త్ అని ఎర్రదీపం ఉంటుంది, అన్నీ ఆపేసినా అది వెలుగుతోందా అప్పుడప్పుడు చూసుకోండి." ఎలక్ట్రానిక్ మీటరు పోవు ప్రవాహమును, వచ్చు ప్రవాహమును పోల్చి ఆ దీపమును వెలిగించును. ఖర్చు లేని ఈ సూచన ప్రతి గుమ్మమున ఉన్నను, దాని అర్థము తెలిసినవారు కొలదిమంది.

ఇచ్చట పనివాని ప్రాణమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. ఫ్రిజ్జు ఆగిపోవునని, సీరియలు పోవునని మెయిను దింపనీయక, "చాలూ లైను"పైనే పనిచేయించు ఇండ్లు నేను ఎరుగుదును. పెద్ద నిచ్చెన లేక కుర్చీమీద స్టూలు వేయించి ఎక్కించువారిని చూచితిని. కర్మాగారమున తన కుమారునకు ఎవడైన అట్టి పని చెప్పినచో ఆ తండ్రి ఊరకుండునా? మెయిను దింపుట గృహస్థుడే చేయవలెను. పనివాడు అడుగుటకు ముందే చేయవలెను. మీటరు, దాని సీలు, స్తంభము నుండి వచ్చు తీగె వీనిలో దోషమున్నచో ఇంటి మిస్త్రీని తాకనీయరాదు. 1912కు ఫోను చేసి పంపిణీ సంస్థవారిని రప్పింపవలెను.

ప్రమాదము జరిగినపుడు చేయవలసినది కొద్దియే. పట్టుకొనియున్నవానిని చేతితో లాగరాదు. మెయిను దింపవలెను, సాధ్యము కానిచో ఎండిన కఱ్ఱతో తీగెను తొలగింపవలెను. ఊపిరి లేనిచో ఛాతీని నొక్కుచు 108కి కబురంపవలెను. లేచి కూర్చుండి బాగుగనే యున్నాననినను, హృదయగతి సరిచూపించుటకు ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విద్యుత్తు చర్మముపై చిన్న మచ్చ మాత్రమే మిగిల్చి లోపలి కండరములను కాల్చియుండవచ్చును.

ఒక్కొక్క యిల్లు విడివిడిగ పరీక్ష చేయించుకొనుట ఖర్చుతో కూడినదనియు, మంచి పనివాడు ఒక్క యింటి కొరకు రాడనియు చెప్పువారి మాటలో సత్యమున్నది. దీనికి కాలనీ సంఘములు పూనుకొనవచ్చును. దుర్గాపూజకు, గణేశోత్సవమునకు చందాలు వ్రాయించు పద్ధతిననే, వీథికి పది యిండ్లను కూర్చి, లైసెన్సు గల ఒక కాంట్రాక్టరును శివరాత్రి తరువాత, కూలర్లు దింపుటకు మున్ను, మూడు దినములు పిలిపించినచో ఖర్చు ఇంటింటికి పంచుకొనబడును. గదులు అద్దెకిచ్చువారిని సంఘమే ఒప్పింపవచ్చును. ఆ కాంట్రాక్టరు ప్రతి ఇంటికి ఒక కాగితము వ్రాసి మీటరు పెట్టె తలుపు లోపలివైపున అంటించి పోవలెను: పరీక్షించిన తేది, ఎర్తు గోయి ఎన్ని ఓములు, ఒక్కొక్క సర్క్యూటు ఎన్ని మెగ్ ఓములు, ఆర్.సి.సి.బి. ఎన్ని మిల్లీ ఆంపియర్లకు ఎన్ని మిల్లీ సెకండ్లలో తెగినది, పరీక్షించినవాని పర్మిటు సంఖ్య. మరుసటి సంవత్సరము వచ్చువాడు, వేరొకడైనను, ఆ అంకెల ప్రక్కన తన అంకెలు వ్రాయును.